మన కప్పు, వారి నేల

*అద్దె యింటివానికి పైయంతస్తు చప్పుడు నిద్రకు, ఆరోగ్యమునకు, ఇరుగుపొరుగు మర్యాదకు సంబంధించిన వ్యవహారము. చట్టమేమనుచున్నది, స్లాబేమి చేయుచున్నది, మెట్లెక్కి చూచినవారికి తెలిసినదేమి – ఈ వారము ముఖచిత్ర కథనము.*

కూకట్‌పల్లి ప్రాంతమున ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. వేళ తెల్లవారుజాము నాలుగున్నర. వీధికుక్కలు సైతము అరిచి యలసి పండుకొన్న ఆ జాములో, రెండవ అంతస్తున అద్దెకున్న ఈ వ్యాసకర్త పడకగదికి సరిగ్గా పైన, మొదట ఏదో బరువైన వస్తువును నేలపై నీడ్చిన మోతయు, పిమ్మట స్విచ్చి వేసిన 'టక్కు'మను శబ్దమును, దాని వెంబడి రాతిపై రాయి తిరుగుచున్నట్టి ఒక ఏకతాళ ఘోషయు మొదలగును. ఆ ఘోష చెవికంటె ముందు వీపునకు తెలియును. ఏలయన మంచము గోడ నానుకొనియున్నది, గోడ స్లాబును మోయుచున్నది, స్లాబుపై ఆ యంత్రమున్నది. తలాపున పెట్టుకొన్న స్టీలు చెంబులో నీటిపై సన్నని వలయములు పుట్టి అంచుల దాక ప్రాకుచుండును. అరగంట కది యాగును. ఆగిన తరువాత నిద్ర వచ్చునా యనిన, రాదు. అంతలో బోరు మోటారు, పాలవాని స్కూటరు, తలుపు సరిగా మూయమని లిఫ్టు చేయు విన్నపము ఒకదాని వెనుక నొకటి బయలుదేరును.

మూడు వారముల పాటు ఆ యంత్రమేమో, దానిని నడపువారెవరో తెలియకయే వారిమీద పెంచుకొన్న పగకు లెక్క లేదు. కావలెననియే చేయుచున్నారని ఒకనాడు, మనమన్న లక్ష్యము లేదని యొకనాడు, ఓనరుకు ఫోను చేయవలెనని యొకనాడు, ఇల్లే మార్చవలెనని యొకనాడు నిశ్చయించుకొనుటయు, తెల్లవారినంతనే ఆఫీసు హడావిడిలో ఆ నిశ్చయమును మరచుటయు జరిగినవి. ఇది ఒక్కరి గోడు కాదు. 2020లో ఇండ్లే కార్యాలయములైన నాటినుండి, పగలెల్ల యింట లేకుండుటచే ఇంతకాలము వినబడని చప్పుళ్ళన్నియు జనులకు వినబడసాగినవి. అమెరికా వేళలకు పనిచేయువాని రాత్రి మనకు పగలు. మన పగలు వానికి నడిరాత్రి. ఒకే కప్పు క్రింద నాలుగు కాలమానములు నడచుచుండగా, ఏ వేళను 'నిద్రవేళ' యనవలెనో తేల్చుటయే కష్టమైనది.

పోర్షన్లనుండి ఫ్లాట్లకు

మన పట్టణములలో అద్దెకుండుట క్రొత్త సంగతి కాదు. విజయవాడ సత్యనారాయణపురములో గాని, కాకినాడ రామారావుపేటలో గాని, హైదరాబాదు నల్లకుంట, చిక్కడపల్లులలో గాని ఒకనాడు ఒక్క పెంకుటింటిలో నాలుగైదు 'పోర్షను'లుండెడివి. నడుమ నొక కొళాయి, పెరటిలో నొక నుయ్యి; ఒక పోర్షనులో మిరపకాయల పోపు వేసిన మిగిలిన పోర్షనులన్నిట తుమ్ములు. ఆనాడు చప్పుడు లేదనుట అబద్ధము. రుబ్బురోలు ఉండెను, రేడియో ఉండెను, చంటిబిడ్డ ఏడుపు ఉండెను, కొత్తకాపురము వారి కీచులాటలును ఉండెను. కాని ఆ చప్పుళ్ళన్నిటికిని ముఖములుండెను. అది పక్క పోర్షను పిన్నిగారి రోలు, ఇది మేష్టారి రేడియో అని తెలిసియుండుటచేత, వినబడినను మనసునకు తాకెడిది కాదు. పైగా ఇంటిగలాయన పది గంటలకెల్ల దీపము లార్పవలసినదని శాసించెడివాడు. కరెంటు బిల్లుకొరకు పుట్టిన ఆ శాసనమే, ఎవరును కోరకుండగనే, వాడకట్టునకంతకును నిద్రను ప్రసాదించినది.

తరువాతి కాలమున నగరములు పైకి పెరిగినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల నిర్మాణమునకును యాజమాన్యమునకును ప్రత్యేక చట్టము 1987లో వచ్చినదనిన, అప్పటికే ఈ పద్ధతి ఎంత వేళ్ళూనినదో ఊహింపవచ్చును. ఫ్లాటులో కొళాయి ఎవరిది వారికే, తలుపు ఎవరిది వారికే. మర్యాదగా చూచిన ఇది మేలే. కాని ఈ మార్పులో పోయినది పరిచయము, మిగిలినది చప్పుడు. ఇప్పుడు పొరుగువారికి పేర్లు లేవు; వారు 'మూడువందల రెండువారు', 'పెంట్‌హౌసువారు'. ముఖము లేని చప్పుడునకు మనమే యొక ముఖమును కల్పించుకొందుము. ఆ కల్పించుకొన్న ముఖము ఎప్పుడును దుర్మార్గునిదే యగును.

స్లాబు చేయు పని

పొరుగింటి శబ్దము మన కడకు రెండు దారుల వచ్చును. మాట, పాట, టీవీ – ఇవి గాలిద్వారా బయలుదేరి కిటికీ సందులనుండి, స్నానపుగది వెంటిలేటరునుండి, పైపుల కొరకు విడిచిన డక్టునుండి లోనికి చొరబడును. కిటికీ మూసిన నిది కొంత తగ్గును. రెండవది వేరు జాతిది. మడమ నేలపై పడినను, కుర్చీ నీడ్చినను, రోకలి దంచినను, యంత్రము తిరిగినను, ఆ దెబ్బ మొదట తగులునది గాలికి కాదు, కాంక్రీటునకు. అప్పుడు స్లాబే మృదంగపు మూతవలె కంపించి, క్రింది గదినంతటిని ప్రతిధ్వనింప జేయును. అంతటితో నాగక దూలములు, స్తంభములవెంట ప్రాకి, ఎక్కడో మూల గదిలో తేలును. అందుచేతనే 'సరిగ్గా మా నెత్తిమీదనే' యని మనము ప్రమాణము చేయు చప్పుడు ఒక్కొక్కప్పుడు ఏటవాలుగానున్న వేరొక ఫ్లాటుదై యుండును. నిర్దోషి తలుపు తట్టి అభాసుపాలైనవారు లేకపోలేదు.

మన ఇండ్లలో ఐదారంగుళముల స్లాబు మీద సిమెంటు వేసి, దానిపై నేరుగా నున్నని టైల్సో రాయో పరతురు. చూపునకు అద్దమువలె నుండును, తుడుచుటకు సుఖము, ఎండాకాలము పాదమునకు చలువ. కాని దెబ్బను మ్రింగు మెత్తదనము దానిలో ఏ పొరయందును లేదు. భారత జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రతిలో ధ్వని నివారణకొక విభాగమే యున్నది గాని, ఫ్లాటు కొనువారు చదరపుటడుగులను, వాస్తును, కారు నిలుపు చోటును అడిగినట్లు 'పైవాని అడుగుల చప్పుడు వినబడునా?' యని అడుగుట అరుదు. అడుగని దానిని కట్టువాడు కట్టడు. ఇక అద్దెకు వచ్చువాడు ఇల్లు చూచునది పగటిపూట, పదినిమిషములు. ఆ వేళ పైయింటివారు బడికిని పనికిని పోయి, ఇల్లు గుడివలె నిశ్శబ్దముగా నుండును.

చెవులలో దూది పెట్టుకొన్నవారికిని, క్రింద ఫాల్సు సీలింగు వేయించుకొన్నవారికిని దక్కునది కొద్ది ఉపశమనమే. దెబ్బ శబ్దమునకు మందు దెబ్బ తగులు చోటనే, అనగా పైవాని నేలమీదనే, వేయవలయును. బాధ మన ఇంట, మందు వారి ఇంట – ఈ వ్యవహారములోని చిక్కంతయు ఇదియే.

> డెసిబెల్ లెక్క
>
> శబ్ద తీవ్రతను డెసిబెళ్ళలో కొలుతురు. ఈ లెక్క కూడికవలె సాగదు: 10 డెసిబెళ్ళు పెరిగిన శబ్దశక్తి 10 రెట్లగును, చెవికి మాత్రము సుమారు రెండింతలుగా తోచును.
>
> మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ళు. వంటింటి మిక్సీ దగ్గర నిలిచిన 80 దాటును.
>
> మంచి నిద్రకు పడకగదిలో ఎడతెగని శబ్దము 30 డెసిబెళ్ళకు మించరాదనియు, ఉండియుండి వచ్చు శబ్దము 45 దాటరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది.
>
> మెలకువ రాకున్నను దేహము వినుచునే యుండును: నిద్రలోనే గుండె వేగము పెరుగును, నిద్రయొక్క లోతు తగ్గును. 'నాకు అలవాటైపోయినది' అనువాని మాటను వాని గుండె ఒప్పుకొనదు.

సగటు చూచు చట్టము

చట్టము లేదా యనిన, ఉన్నది. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు; రాత్రి యనగా పది గంటలనుండి ఉదయము ఆరు వరకు. ఆ వేళ మైకులు కూడవు. పండుగలకును సాంస్కృతికోత్సవములకును ఏడాదిలో 15 రోజులకు మించకుండ అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు నీయవచ్చును. 2005 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము, ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ నేతృత్వమున, శబ్దకాలుష్యముపై వెలువరించిన తీర్పు ఈ విషయమున మూలస్తంభము వంటిది. తన యింట ప్రశాంతముగా నుండుట రాజ్యాంగము 21వ అధికరణము హామీ యిచ్చిన జీవించు హక్కులోని భాగమనియు, తన ఆవరణ దాటి పోవునంతటి శబ్దము చేయుటకు తన యింట నున్నను ఎవనికిని హక్కు లేదనియు ఆ తీర్పు తేల్చినది. ఆ వ్యాజ్యమునకు ప్రేరణయైన ఘటన తలచుకొనిన ఒడలు జలదరించును: అత్యాచారమునకు గురియైన 13 ఏండ్ల బాలిక ఆర్తనాదము పొరుగున మ్రోగుచున్న మైకుల హోరులో ఎవరికిని వినబడలేదు.

ఇంత గట్టి మాట యున్నను, పైయంతస్తు రోకలిదెబ్బకు వచ్చుసరికి చట్టము చేయి చాచి యందుకొనలేదు. కారణము స్పష్టము. నియమములలోని 45 డెసిబెళ్ళు ఒక్క క్షణపు లెక్క కాదు, కొంతసేపటి సగటు. మైకుల హోరు ఎడతెగనిది గనుక సగటులో చిక్కును. రాత్రి ఒంటిగంటకు ఒక్కమారు 'ధన్' మని పడిన మంచపుకోడు సగటులో కలిసి మాయమగును. నిద్ర మాత్రము సగటును జూచి చెడదు, ఆ ఒక్క 'ధన్'కే చెడును. 2022లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము పబ్బులలో రాత్రి పది దాటిన తరువాత సంగీతము వలదని ఉత్తరువిచ్చినది. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. ఇవియన్నియు మేలైన పనులే. కాని ఇవి వీధి చప్పుళ్ళ కథలు. మెట్లమీది చప్పుడు కథ వేరు.

> ఫిర్యాదు ఎవరికి?
>
> • రాత్రి పది దాటిన తరువాత మైకు, డీజే, డ్రిల్లింగు వంటివి సాగుచున్నచో 112కు ఫోను చేయవచ్చును. నివాస ప్రాంతములో రాత్రివేళ మోత చేయు నిర్మాణ యంత్రములను నడుపుటయు నిషిద్ధమే.
>
> • శబ్ద నియమముల అమలుకు అధికారులు జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీకి తక్కువగాని హోదాలో నియుక్తుడైన అధికారి.
>
> • సొంత ఆవరణలో వాడు సౌండు సిస్టము సైతము ఆవరణ హద్దు వద్ద ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెళ్ళకు మించి దాటరాదు.
>
> • భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షను క్రింద ప్రజాబాధకు జరిమానా 1,000 రూపాయల వరకు. అయితే ఒక్క ఫ్లాటువారికి మాత్రమే కలిగిన బాధను 'ప్రజాబాధ'గా నిరూపించుట సులభము కాదు.

పదునొకండు నెలల పౌరుడు

సొంతదారునికి కోపము వచ్చిన సంఘము సమావేశములో లేచి మాటాడును. అద్దెవానికి ఆ కుర్చీ లేదు. అపార్ట్‌మెంటు సంఘములు ప్రాయికముగా యజమానుల సంఘములు. నెలనెల మెయింటెనెన్సు కట్టువాడు అద్దెవాడే యైనను, చేయి యెత్తు హక్కు వానిది కాదు. వాట్సాపు గ్రూపులో వానిని చేర్చుటయా, మానుటయా యన్నదియే కొన్నిచోట్ల పెద్ద చర్చ. వాని పత్రము 11 నెలలది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ఏడాది దాటిన కౌలుపత్రములను రిజిస్టరు చేయించుమని విధించుటచేత దేశమంతట నాటుకొన్న యలవాటిది. పదునొకండు నెలలలో పోవువాడు పైవానితో పేచీ యెందుకు పెట్టుకొనవలెనని తానే యూరకుండును. ఊరకున్నంత ఉత్తమము లేదనియు, బోడిగుండంత సుఖము లేదనియు మన పెద్దలన్నారు గాని, ఊరకున్నవాని రక్తపుపోటు సంగతి ఆ సామెతలో లేదు.

పోనీ ఇల్లు మారునా? అడ్వాన్సులో రంగుల పేర ఒక నెల అద్దె కోత, క్రొత్త ఇంటికి మరల అడ్వాన్సు, బ్రోకరు కమీషను, సామాను లారీ, పిల్లల బడి బస్సు మార్గము – ఇన్నిటికి ఓర్చి పోయిన చోట పైనుండువా రెట్టివారో దేవునికెరుక.

ఇక ఓనరుకు చెప్పుట. ఇచ్చట చట్టములో మనము గమనింపవలసిన విశేషమొకటి యున్నది. ఉమ్మడి రాష్ట్రమున 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టములో, అద్దెదారుడు అదే భవనములోని యితరులకు గాని, ఇరుగుపొరుగులకు గాని బాధాకరముగా ప్రవర్తించిన యెడల వానిని ఖాళీ చేయించుటకు యజమానికి హక్కు ఇయ్యబడినది. వినుటకు న్యాయముగానే యున్నది. కాని దీని అర్థము నిదానముగా ఆలోచింపుడు. చప్పుడు చేయువాడు సొంతదారుడైనచో అద్దెవాని ఫిర్యాదు గాలికి పోవును. చప్పుడు చేయువాడు సాటి అద్దెవాడైనచో మాత్రము ఆ ఫిర్యాదు వాని కొంపమీదికి వచ్చును. అద్దెవాని చేతిలోని ఆయుధము మరియొక అద్దెవానిమీద మాత్రమే పనిచేయును. అద్దె ఒక పరిమితి దాటిన ఇండ్లకు ఆ చట్టము వర్తింపదను మాట నిజమే. కాని అట్టి ఇండ్లలో వెడలగొట్టుటకు కారణమే యక్కరలేదు, ఒక నోటీసు చాలును.

> ఒక తత్త్వవేత్త చెల్లించిన మూల్యము
>
> జర్మను తత్త్వవేత్త ఆర్థర్ షోపెన్‌హౌర్‌కు చప్పుడన్న గిట్టదు. దానిమీద నొక వ్యాసమే వ్రాసెను. 1821లో ఆయన బెర్లినులో అద్దె గదులలో నుండెను. తన గది ముంగిట చేరి మాటలాడుచున్న స్త్రీలతో తగవు వచ్చి, కుట్టుపని చేసికొను పొరుగామెను బలవంతముగా వెలుపలికి నెట్టెను. ఆమె వ్యాజ్యము వేసెను. సంవత్సరముల తరబడి నడచిన దావా ఆమె పక్షమున ముగిసి, ఆమె బ్రతికినంతకాలము మూడేసి నెలలకు 15 థేలర్ల చొప్పున ఆయన చెల్లింపవలసి వచ్చెను. నిశ్శబ్దము నాశించి నెట్టిన ఒక్క నెట్టునకు ఆయన కట్టిన అద్దె అది.

సముద్రములు దాటిన మనవారు

చదువులకని జర్మనీ పోయిన మన పిల్లలకు మొదట ఎదురగు పాఠము విశ్వవిద్యాలయములో కాదు, అద్దె గదిలో. రాత్రి పదినుండి ఆరు వరకును, ఆదివారము రోజెల్లయు అచ్చట నిశ్శబ్ద నియమము. ఆదివారమునాడు గోడకు మేకు కొట్టిన పొరుగువాడు ఊరకుండడు. భవనము నియమావళి అద్దె పత్రముతో జతపరచి చేతికిత్తురు. అంతకంటె ముఖ్యము, చప్పుడు మితిమీరి ఇంట నుండుటయే కష్టమైనచో అద్దె తగ్గించి చెల్లించు వెసులుబాటు అచ్చటి పౌరస్మృతిలో అద్దెదారునికున్నది. అందువలన పైవానిని అదుపులో పెట్టు బాధ్యత యజమాని తలకెక్కును. సింగపూరులో పొరుగు తగవులకొరకే 2015లో ప్రత్యేక న్యాయపీఠములు వెలసినవి. మనకు ఆ యేర్పాటులు లేవు. మనకున్నవి మెట్లు.

మెట్లెక్కిన తరువాత

నాలుగవ వారము ఆదివారము సాయంకాలము, కోపము చల్లారిన వేళ చూచుకొని, మెట్లెక్కి తలుపు తట్టితిని. తలుపు తీసినామెకు అరువది యేండ్లుండును. చేతికి మినపపొట్టు అంటియున్నది. కోనసీమనుండి వచ్చిన కుటుంబము. తల్లియు కొడుకును కలిసి మెట్రో స్టేషను ప్రక్కన టిఫిను బండి నడుపుదురు. వారును అద్దెవారే. సంగతి చెప్పగా ఆమె ముఖము వివర్ణమైనది.

"అయ్యో బాబూ, మీ మంచం సరిగ్గా దీని కిందేనా? మాకు తెలీదండీ! ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"ఎలా చెప్పాలో తెలియలేదండీ, పిన్నిగారూ."

"ఇడ్లీ పిండి రాత్రే రుబ్బేసి పులవబెడతామండీ. గారెల పిండి మాత్రం అప్పటికప్పుడు రుబ్బాలి. పులిస్తే నూనె తాగేస్తదండీ, ఎవరూ తినరు. ఆరింటికల్లా బండి దగ్గర ఉండకపోతే బేరం పోయినట్టే." ఒక క్షణమాగి, గొంతు తగ్గించి అడిగినది: "ఓనరుగారితో అనలేదు కదండీ?"

ఆ యొక్క ప్రశ్నతో మూడు వారముల పగ నీరైనది. నేను ఫోను చేసియుండిన ఏమగునో ఆమెకు నాకంటె బాగుగా తెలియును.

మరునాడు నాలుగున్నరకు కొడుకు పైన గ్రైండరు వేయగా, ఆమె క్రిందికి వచ్చి మా పడకగదిలో గోడపై అరచేయి ఆనించి నిలిచినది. "ఇది గ్రైండరు చప్పుడులా లేదండీ, గోడలోనే ఏదో తిరుగుతున్నట్టుంది," అన్నది. తమ ఇంట ఆమెకు వినబడునది వేరు, మాకు వినబడునది వేరు. ఆ వారములోనే గ్రైండరు పడకగదినుండి వంటింటి వెనుక వాష్ ఏరియాకు మారినది. దాని క్రింద మందమైన రబ్బరు షీటు, దాని మీద నాలుగు మడతల గోనెపట్టా పడినవి. కుర్చీకాళ్ళకు రబ్బరు బుష్షులు నేనే కొని యిచ్చితిని. అంతయు కలిపి ఖర్చు కొన్ని వందల రూపాయలు. గ్రైండరు నేటికిని నాలుగున్నరకే తిరుగుచున్నది. చెవి యొగ్గిన సన్నగా వినబడును. చెంబులో నీరు మాత్రము కదలుట లేదు.

అన్ని తగవులును గారెలతో ముగియునని చెప్పుట ఈ వ్యాసకర్త యభిప్రాయము కాదు. తలుపు తీయనివారు, తీసి తిట్టువారు, త్రాగి తైతక్కలాడువారు లేకపోలేదు. అట్టివారి విషయమున తేదీ, వేళ వ్రాసి పెట్టుకొని, ఓనరుకు వ్రాతమూలకముగా తెలిపి, సంఘమునకు చెప్పి, రాత్రి పది దాటిన మోతకు 112ను పిలుచుటయే మార్గము. కాని ఆ మెట్టునకు పోవుటకు ముందు పై మెట్టు ఎక్కి చూడవలెను. పగటివేళ పోవలెను, ఒంటరిగా పోవలెను, 'ఆపుడు' అనుటకు కాక 'ఒకమారు క్రిందికి వచ్చి వినుడు' అనుటకు పోవలెను.

అపార్ట్‌మెంటు సంఘముల పెద్దలకొక మనవి. మెయింటెనెన్సు రశీదుపై అద్దెవాని పేరు వ్రాయుచున్నారు. నెలకొకమారు జరుగు సమావేశములో వాని గోడు చెప్పుకొనుటకు ఐదు నిమిషములు ఇయ్యుడు. ఇల్లు అద్దెకిచ్చు ఓనరులు అద్దె పత్రములో నిద్రవేళలను గూర్చి యొక వాక్యము చేర్చుడు, అది క్రిందివానికిని పైవానికిని సమముగా వర్తించునట్లు. అద్దెకు దిగువారు ఇల్లు పగలొకమారు, రాత్రి తొమ్మిది దాటిన పిదప మరియొకమారు చూచి, ఆ తరువాతనే అడ్వాన్సు ఇయ్యుడు.